జూదం నేర్పే పంతులమ్మ

మా ఆవిడ ప్రసూనాంబ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. ఊరి పేరు మాత్రం రాయను. రాజాం నుంచి చీపురుపల్లి వెళ్లే దారిలో ఒకచోట రోడ్డు దిగి పొలాల్లోకి వెళ్లాలి, అంతవరకే చెప్తాను. పేరు రాస్తే మళ్లీ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తారని నా భయం. నాకు భయాలు ఎక్కువ. దాచుకోను. రాజాంలో జిరాక్స్ కొట్టు నడుపుకుంటూ పగలంతా ఒకే కుర్చీలో కూర్చునే మనిషిని, భయపడడానికి కావలసినంత తీరిక ఉంటుంది. పొద్దున్నే ఆవిడ స్కూటీ వీధి మలుపు తిరిగిన దగ్గర్నుంచి నా పని మొదలవుతుంది. ధాన్యం లారీలు, రోడ్డుకి అడ్డం పడే గేదెలు, వానకి పొంగే గెడ్డ, అన్నీ వరసగా కళ్ల ముందుకొస్తాయి. "చేరాను" అని ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వస్తే గాని నాకు కాఫీ గొంతు దిగదు.

ఆవిడకి భయాలు లేవు. నా భయాల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

ప్రసూన పుట్టింది పంతుళ్ల ఇంట్లో. వాళ్ల నాన్న లక్ష్మీనరసింహం గారు బొబ్బిలి వైపు హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ ఊళ్లో తక్కువ. ఆ ఇంట్లో నవ్వేది ఆయన తల్లి ఒక్కర్తే. ఆవిడ వీధి అరుగు మీద రాతిలో చెక్కిన పులిజూదం పటం ముందు కూర్చుని, బడి నుంచి వచ్చిన మనవల్ని ఒక్కొక్కర్నీ ఓడించి లోపలికి పంపేదట. పసిపిల్లలు కదా అని ఒక్కసారి కూడా గెలవనిచ్చేది కాదట. ప్రసూన ఏడిస్తే, "ఏడువు తల్లీ, ఏడవడం అయ్యాక చెప్పు, ఎక్కడ తప్పిందో చూద్దాం" అనేదట. పెళ్లైన కొత్తలో ప్రసూన నాతో కూడా ఆడింది. ఓడిపోయినప్పుడల్లా నేను అన్నం దగ్గర ముఖం మాడ్చుకుని కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లు చూసి ఆవిడే నాతో ఆడడం మానేసింది.

ఆ ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. కొండలాంటి ముక్కోణం గీస్తారు, దానికి అడ్డంగా, నిలువుగా గీతలుంటాయి. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీంచి దూకి అవతలి ఖాళీలో వాలితే ఆ మేక చచ్చినట్టు. మేకలకి దూకడం లేదు, చంపడం లేదు. ఒకదాని వెనక ఒకటి నిలబడి, పులికి కదలడానికి చోటు లేకుండా చేయాలి, అంతే. పైసా అక్కర్లేదు. చింతగింజలు, ఇటుక పెంకులు చాలు. పేరులో జూదం ఉందని వాళ్ల నాయనమ్మకి గాని, వాళ్ల నాన్నకి గాని, మాకు గాని ఎప్పుడూ తోచలేదు. పేరు పేరే కదా, దాన్ని విడదీసి ఎవరు చూస్తారు?

ఆ ఊరి బడికి ప్రసూన బదిలీ మీద వెళ్లింది. ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులకీ ఆవిడ ఒక్కర్తే. వెళ్లిన కొత్తలో ఒక సాయంత్రం చిక్కుళ్లు ఒలుస్తూ అంది:

"ఏమండీ, ఈ పిల్లలకి ఓడిపోవడం రాదండీ."

"ఎవరికి వస్తుంది?" అన్నాను, నా సంగతి గుర్తొచ్చి.

"అలా కాదు. ఒకడు కబడ్డీలో అవుటయ్యాడని పుస్తకాల సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి పోయాడు. ఇంకొకడు లెక్క తప్పొచ్చిందని పలక నేలకేసి కొట్టాడు. ఫోన్‌లో అయితే ఓడిపోగానే వేలితో నొక్కితే ఆట మళ్లీ మొదటికొస్తుంది. ఎదురుగా మనిషి ఉంటే అలా రాదు కదా. తన వంతు వచ్చేదాకా ఆగాలి, ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో చూడాలి. అది ఏ పాఠంలోనూ లేదు."

"సిలబస్ పూర్తవకపోతే పైవాళ్లు ఊరుకోరు" అన్నాను.

"సిలబస్ ఎక్కడికీ పోదు. చివరి పీరియడ్ నాది."

మా కొట్టు బోర్డుకని తెచ్చిన పసుపుపచ్చ పెయింటు డబ్బా మర్నాడు కనిపించలేదు. బడి వరండాలో నాలుగు పులిజూదం పటాలు తేలాయి. పక్కనే అష్టాచెమ్మా గళ్లు రెండు. నేను నెత్తి కొట్టుకున్నాను. సుద్దముక్కతో గీస్తే చెరిపేయొచ్చు, పెయింటుతో వేస్తే అది సాక్ష్యం అన్నాను. "దేనికి సాక్ష్యం?" అంది. దేనికో నాకూ తెలియదు. ఏదో ఒకదానికి అవుతుందని మాత్రం నా మనసుకి తెలుసు.

ఆవిడ ఒకటే నియమం పెట్టింది. గెలిచినవాళ్లు చప్పట్లు కొట్టుకుంటూ లేచిపోకూడదు. ఓడినవాళ్లకి ఎక్కడ తప్పిందో చెప్పి లేవాలి. ఓడినవాళ్లు గింజలు ఏరి డబ్బాలో వేసి, సంచీ తగిలించుకోవాలి. ఆ పాటికి గంట కొడతారు. మొదట్లో గింజలు ఎగిరి గెడ్డ దాకా పోయేవట. కొట్టుకునేవారట. రాను రాను రెండో తరగతి పిల్ల ఐదో తరగతి కుర్రాడికి "ఇక్కడ నువ్వు తొందర పడ్డావు" అని చెప్పడం, వాడు తల గోక్కుంటూ వినడం మొదలైంది. లెక్కల్లో కూడా పిల్లలు ముందు ఆలోచించి తర్వాత రాస్తున్నారని ఆవిడ మురిసిపోయేది.

ఆ బడిలో రేఖ అని మూడో తరగతి పిల్ల ఉంది. నోట్లో మాట లేదు. మూగది కాదు, ఇంట్లో అవసరానికి ఒకటీ అరా అంటుంది, బడిలో అదీ లేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. తండ్రి గిరిబాబు పేకాటలో పడ్డాడు. ముందు రచ్చబండ దగ్గర, తర్వాత తోటల్లో, ఆ తర్వాత ఫోన్‌లో. ఉన్న మడిచెక్క పోయింది. అది పోయిన రోజు అతను ఇంటికి రాలేదు. పెళ్లాం ఎదుట, తల్లి ఎదుట ముఖం చూపించలేక బస్సెక్కేశాడని అంటారు. విశాఖపట్నంలో చూశామని ఒకరు, విజయవాడలో చూశామని ఒకరు చెప్పారు గాని, మనిషి మాత్రం తిరిగి రాలేదు. తల్లి ఈశ్వరి కూలికి వెళ్లి పిల్లనీ, అత్త తవిటమ్మనీ సాకుతోంది. తండ్రి వెళ్లిపోయాకే పిల్ల మాట తగ్గించిందని తవిటమ్మ ప్రసూనకి చెప్పింది.

రేఖ ఎప్పుడూ మేకలే అడిగేది. పులులు వద్దనేది, చేత్తో తోసేసి. నిదానంగా, ఒక గింజ వెనక ఇంకో గింజ నిలబెట్టుకుంటూ పోయేది. ఒకరోజు ఐదో తరగతి కుర్రాడి పులులు మూడింటినీ కట్టేసింది. గెలిచింది. నియమం ప్రకారం చెప్పాలి. పిల్లలందరూ చుట్టూ మూగి నిలబడ్డారు. ప్రసూన చూడనట్టు అటు తిరిగిందట. ఎంతసేపటికో రేఖ గొంతు పెగిలింది.

"నువ్వు మేకనే సూసినావు. దాని ఎనక ఉన్న మేకని సూడనేదు."

ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి ఈ మాట నాకు వినిపించింది. కళ్లనిండా నీళ్లు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు. నాకు వెంటనే భయమేసింది. మరీ ఇంత సంతోషం వస్తే వెనకాలే ఏదో వస్తుందని నాకు ఉంటుంది. పిచ్చి ఆలోచన అని ఆవిడ ఎన్నిసార్లు తిట్టినా నా బుద్ధి మారలేదు.

ఆ వెనకాల వచ్చింది ఏమిటో మర్నాడు తెలిసింది. గెలిచిన సాయంత్రమే రేఖ బడి నుంచి పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్లింది. తల్లి వాకిట్లో కూర్చుని చేటలో చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. పిల్ల చాలాకాలం తర్వాత తనంతట తను నోరు తెరిచి, గొంతెత్తి, వీధంతా వినపడేలా అన్న మాట ఇది:

"అమ్మా! ఇయ్యాల నాను జూదంలో గెలిసినాను!"

ఈశ్వరి చేతిలో చేట కింద పడింది. పిల్లని చేరదీసి మాట్లాడించాల్సిన తల్లి, ఆ మాట విని, లాగి ఒక్కటి కొట్టింది. ఇదంతా తవిటమ్మ తర్వాత చెప్పగా మాకు తెలిసింది. ఆ దెబ్బకి పిల్ల నోరు మళ్లీ మూతబడింది.

మర్నాడు ప్రార్థన కాకముందే ఈశ్వరి బడికి వచ్చి నిలబడింది.

"మేడమ్గోరూ, సదువు సెప్పమని పంపితే నా గుంటకి జూదం నేర్పుతన్నారేటి?"

"ఈశ్వరీ, ముందు కూర్చో. పులిజూదం అంటే డబ్బులు పెట్టి ఆడేది కాదు. పిల్లలాట."

"మొదట ఎవులూ డబ్బులెట్టరు మేడమ్గోరూ. మా ఇంట్లో ఆడూ మొదట ఉత్తినే ఆడినాడు. సరదా అన్నాడు. ఆ సరదా మా కొంప ముంచీసింది. ఇంక మా గుంట మీ బడికి రాదు. సీపురుపల్లిలో మా అన్న ఇంటికి పంపించెత్తాను. ఆలకి పసిగుంటడున్నాడు, ఆణ్ణి ఆడించుకుంటాది."

"మరి చదువు?"

"సదువు ఒగ్గెస్తాది" అని పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"మొదట ఎవరూ డబ్బులు పెట్టరు అందండీ" అని ప్రసూన ఆ సాయంత్రం నాతో అంది. "ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. నిజమే కదా." అన్నం ముందు పెట్టుకుని కలపకుండా కూర్చుంది.

అక్కడితో ఆగితే అదో దారి. మూడో నాడు మా కొట్టుకి ఆధార్ కార్డు జిరాక్స్‌కి వచ్చిన మనిషి ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, "సూసినారేటి బాబూ, మన బళ్లు ఎలా తగలడ్డాయో" అన్నాడు. మా ఆవిడ వేసిన పసుపు గీతలు. చుట్టూ పిల్లలు. పైన పెద్ద అక్షరాలతో "ప్రభుత్వ బడిలో పసిపిల్లలకు జూదం". ఆ ఊళ్లో టీకొట్టు నడిపే కూర్మయ్య బడి కమిటీలో పెద్ద. అతనే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణుంచి అది రాజాం దాకా వచ్చేసింది. జిరాక్స్ మెషిన్ మీద వచ్చినాయన కార్డు వంకరగా పెట్టేశాను. ఆ కార్డు కాపీ సగమే పడింది. ఆయనకి మళ్లీ ఇంకోటి తీసిచ్చాను.

సాయంత్రానికి మండల విద్యాధికారి దేవేంద్ర గారి ఫోను. ఫిర్యాదు వచ్చిందనీ, సోమవారం స్వయంగా వచ్చి విచారిస్తాననీ. ప్రసూన "అలాగే సార్" అని ఫోన్ పెట్టేసి పప్పుకి పోపు పెట్టుకుంది. నేను మాత్రం సస్పెన్షన్ నుంచి మొదలుపెట్టి పేపర్లో ఫోటో దాకా వెళ్లిపోయాను. బ్రతిమాలాను. క్షమాపణ చెప్పేయమన్నాను. ఆ గీతలు చెరిపేస్తే సోమవారం నాటికి చూపించడానికి ఏమీ ఉండదన్నాను.

"నా ఉద్యోగం గురించి మీరు భయపడండి" అంది ఆవిడ. "నేను రేఖ గురించి భయపడుతున్నాను. ఇద్దరం ఒకే పని చేయడం దేనికి?"

ఆవిడ నోట భయం అనే మాట అదే మొదటిసారి విన్నాను. అది విన్నాక నాకున్న ధైర్యం కూడా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం, గుడికి వెళ్తున్నానని చెప్పి, సంచీలో థిన్నర్ సీసా, ఇనప బ్రష్షు, పాత లుంగీ ముక్క పెట్టుకుని బండి తీశాను. ఎవరూ చూడకుండా గీతలు చెరిపేసి వద్దామని. ప్రసూన తిడుతుంది, తిట్టనీ. ఉద్యోగం ఉంటే తీరిగ్గా తిట్టొచ్చు. బడి గోడ పిల్లలు దూకేంత ఎత్తే. తాళం వేసిన గేటు పక్కన బండి పెట్టి, అటూ ఇటూ చూసి, ఈ వయసులో గోడ దూకాను. పంచె కొస చిరిగింది.

వరండాలో రేఖ కూర్చుని ఉంది.

ఒక్కర్తే. పులులూ తనవే, మేకలూ తనవే. పులిని జరిపి, ఎదురుగా వెళ్లి కూర్చుని మేకని జరిపి, మళ్లీ ఇవతలికి వచ్చి కూర్చుంటోంది. నన్ను చూసి బెదిరిపోయి గింజలు గుప్పిట్లోకి లాక్కుంది. ఎప్పుడైనా మా ఆవిడని నా బండి మీద దింపినప్పుడు నన్ను చూసిన పిల్లే. కాస్త తేరుకుంది. నేను సంచీ వెనక్కి దాచుకున్నాను. దాచుకోవడం ఎందుకో, ఆ పిల్లకి థిన్నర్ అంటే ఏం తెలుసు?

"ఎలా ఉన్నావమ్మా?" అన్నాను. మాట లేదు. మూడు ఇటుక పెంకులు నా వైపు జరిపింది. ఆడమని.

ఆ గీతల మీద థిన్నర్ పోయడానికి వచ్చినవాణ్ణి, వాటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వీధిలో ఎవరైనా చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పంతులమ్మ మొగుడు కూడా ఆదివారం పూట గోడ దూకి వచ్చి పసిపిల్లతో జూదం ఆడుతున్నాడని ఇంకో ఫోటో. అయినా లేవలేకపోయాను. నా పులులు మొదట్లో రెండు మేకల్ని తిన్నాయి. నాకు ఉత్సాహం కూడా వచ్చింది. కాసేపట్లోనే నా పులులు మూడూ ఒక మూలకి చేరి, కదలడానికి దారి లేకుండా అయిపోయాయి.

రేఖ తలెత్తి నన్ను చూసింది. గెలిచినవాళ్లు చెప్పాలి. పెదవులు కదిలాయి. చెప్పబోయి, వీధి వైపు చూసి, నోరు మూసేసుకుంది. వేలితో పటం మీద ఒక చోట నొక్కి చూపించింది. అక్కడ తప్పావు అని. తర్వాత లేచి, నా వంతు పని కూడా తనే చేసి గింజలు డబ్బాలో వేసి, గోడ దూకి వెళ్లిపోయింది. ఆ వేలు పెట్టిన చోటు చూస్తూ నేను ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. ఒక పిల్లకి మాట వచ్చి కూడా చెప్పలేకపోవడం ఎంత బాధో కళ్లారా చూశాను. ఏడుపొచ్చింది. సీసా మూత తీయకుండానే ఇంటికి వచ్చేశాను.

ప్రసూన చిరిగిన పంచె చూసింది, సంచీలో సీసా చూసింది. జరిగింది చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ఎక్కడ తప్పిందట?" అంది.

"కుడి పక్క. మధ్య గీత దగ్గర."

"తొందరపడి ఉంటారు" అని లోపలికి వెళ్లింది.

సోమవారం కొట్టు మూసేసి నేను కూడా వెళ్లాను. ఎందుకూ పనికిరానని తెలుసు, అయినా ఇంట్లో కూర్చోలేను. బడి ముందు జనం చేరారు. దేవేంద్ర గారు కుర్చీలో కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. మంచాయనే. ఈ గొడవ మధ్యాహ్నంలోగా తేలిపోతే చాలనే ముఖం. కూర్మయ్య పక్కన నిలబడి ఫోన్ తిప్పుకుంటున్నాడు. గేటు బయట ఒక ఆటో ఆగి ఉంది. అందులో బట్టల సంచీ ఉంది. సంచీ పక్కన తవిటమ్మ కూర్చుని ఉంది. అది చూడగానే నాకు విషయం అర్థమైంది. ఈశ్వరి పిల్లని చీపురుపల్లి తీసుకెళ్లిపోతోంది. దారిలో ఆగి, నలుగురి ముందు చెప్పి వెళ్దామని వచ్చింది.

దేవేంద్ర గారు వరండాలో గీతలు చూశారు. ఆయన ముఖంలో ఒక్క క్షణం నవ్వు లాంటిది వచ్చింది. చిన్నప్పుడు ఆడి ఉంటారు.

"మేడమ్, దీనికింత గొడవెందుకు? పేరు మార్చేయండి. పులి మేక ఆట అనండి. జూదం అనే మాట బడిలో వినపడకూడదు. అందరికీ సమ్మతమేనా?"

"పేరేటండీ, ఏ పేరైనా పర్నేదు" అన్నాడు కూర్మయ్య కాస్త తగ్గి. ఊళ్లో పెద్దవాళ్లు కొందరు తాము కూడా ఆడిన ఆటేనని అప్పటికే అతన్ని దెప్పినట్టున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం నిలబడింది. ప్రసూన చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోదామనిపించింది. ఆవిడ కదలలేదు.

"పేరు మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు సార్. పేరు చూసుకోకపోవడం నా పొరపాటే. కానీ రేఖ వెళ్లిపోతే నాకు ఇదంతా దేనికి?"

ఆయన ఈశ్వరి వైపు తిరిగారు. "ఏమ్మా, పేరు మారుస్తారట. పిల్లని పంపుతావా?"

"పేరు మారిత్తే బుద్ధి మారిపోద్దేటి బాబూ?" అంది ఈశ్వరి. పిల్ల భుజం గట్టిగా పట్టుకుని ఉంది. "ఆడి రత్తం ఇది. ఇయ్యాల సింతగింజలు, రేపు ఇంకేటో. నాకు భయం బాబూ. మీకెవులికీ తెల్దు నా భయం."

నాకు తెలుసనిపించింది. భయపడేవాళ్లకి భయపడేవాళ్లు తెలుస్తారు. ఆవిడ భయం ముందు నా భయాలన్నీ కుర్చీలో కూర్చుని చేసుకున్నవి.

ఆటో అతను హారన్ కొట్టాడు. ఈశ్వరి రెండడుగులు వేసింది. రేఖ కదలలేదు. కాళ్లు నేలకి తన్నిపెట్టి ఆ పసుపు గీతలకేసి చూస్తోంది. ఈశ్వరి లాగింది. మళ్లీ లాగింది. కొడుతుందేమోనని ప్రసూన ముందుకు కదిలింది. ఈశ్వరి కొట్టలేదు. అక్కడే గొంతుక్కూర్చుని, పిల్ల ముఖం రెండు చేతులతో పట్టుకుంది.

"సెప్పే. నాను కొట్టను. ఇక్కడ ఏటి ఒడ్డి ఆడినావు?"

ఇన్ని రోజుల్లో పిల్లని ఎవరూ ఏమీ అడగలేదని నాకు అప్పుడు తట్టింది. ఫోటోలు తీశారు, ఫోన్లు చేశారు, కుర్చీలు వేశారు. అడగలేదు. రేఖ వాళ్లమ్మ కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంక మాట్లాడదనుకున్నాను.

"ఏటీ ఒడ్డనేదమ్మా" అంది రేఖ. "సింతగింజలు. అయి బడివే."

"మరి గెలిత్తే ఏటొస్తాది?"

"ఏటీ రాదు. ఓడిపోయినోలకి ఎక్కడ తప్పిందో సెప్పాల."

"ఓడిపోతే?"

"గింజలు ఏరీసి డబ్బాలో ఎట్టీడమే."

"తరవాత?"

ఈ ప్రశ్న రేఖకి అర్థం కానట్టుంది. ఇంత తెలిసిన విషయం అమ్మ ఎందుకు అడుగుతోందని చూసింది.

"తరవాతేటి? ఇంటికొచ్చేస్తాం."

ఈశ్వరి చేతులు పిల్ల ముఖం మీంచి జారిపోయాయి.

"ఓడిపోయినా?"

"ఓడిపోయినా ఇంటికే గదా అమ్మా వస్తాం."

ఆటోలోంచి తవిటమ్మ ఏడుపు వినపడింది. గిరిబాబుని కన్నతల్లి ఆవిడ. ఈశ్వరి ఏడవలేదు. నేల మీద అలాగే కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు అంది:

"ఈ ముక్క ఆడికి సిన్నప్పుడు ఎవులైనా నేర్పుంటే బాగున్ను."

దేవేంద్ర గారు తల దించుకుని రుమాలు మడత పెట్టుకున్నారు. కూర్మయ్య ఫోను జేబులో పెట్టేసి, ఆటో దగ్గరికి వెళ్లి బట్టల సంచీ తనే దింపాడు. మా ఆవిడ వెళ్లి ఈశ్వరి పక్కన నేల మీదే కూర్చుంది. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. సిగ్గేమీ లేదు.

కాసేపయ్యాక ఈశ్వరి లేచి, చీర దులుపుకుని, కూతుర్ని వరండా వైపు తోసింది. పిల్ల రెండడుగులు వేసి, నిజమేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

"ఆడుకో" అంది ఈశ్వరి. "గెలిసినా, ఓడినా బేగి ఇంటికొచ్చీ."